సన్నాయి ఊపిరి, వీణ లాగుడు: కీబోర్డుకు గమకం నేర్పే పద్ధతి

బరంపురం పాత ఊళ్లో పెళ్లిళ్లకు కీబోర్డు వాయించేవాళ్లకు ఒక చిక్కు ఉంది. ఇక్కడి శ్రోతల చెవుల్లో రెండు సన్నాయిలు ఉంటాయి. ఇచ్ఛాపురం వైపు నుంచో పర్లాకిమిడి వైపు నుంచో తెలుగువారి పెళ్లికి వచ్చే మేళంలోని సన్నాయి ఒకటి, పక్క వీధిలో ఒడియావారి ఊరేగింపు ముందు మోగే మహురి ఇంకొకటి. ఈ రెండింటినీ పుట్టినప్పటి నుంచి వింటున్నవాళ్ల ముందు కీబోర్డులో ‘షెహనాయ్’ అని రాసి ఉన్న బొత్తాం నొక్కి ముహూర్తం గట్టెక్కిద్దామనుకుంటే కుదరదు.

ఆ పని నేను ఒకసారి చేశాను. సన్నాయి వాయించే ఆయనకు జ్వరం వచ్చి రాలేకపోతే, పెళ్లివారు నన్నే ఆ నాలుగు కీర్తనలూ కానిచ్చేయమన్నారు. స్వరాలు ఎక్కడా తప్పలేదు, తాళం తప్పలేదు. అంతా అయ్యాక డోలు వాయించిన పెద్దాయన చేతికి కట్టుకున్న పట్టీలు విప్పుకుంటూ, “ఏటి బాబూ, నీ సన్నాయోడు ఊపిరి తియ్యడేటి?” అన్నాడు. ఆ ఒక్క మాటలో ఉన్న విమర్శను సాంకేతికంగా విప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ విప్పుకున్నదాన్నే ఇక్కడ, మీరు వరుసగా చేసుకుపోయే పనులుగా రాస్తున్నాను.

ముందుగా ఒక అభిప్రాయం చెప్పి మొదలుపెడతాను. సింథసైజర్ మీద వాద్యాన్ని పలికించాలనుకునేవారిలో ఎక్కువమంది మంచి ‘టోన్’ కోసం వెతుకుతూ కాలం గడుపుతారు. నా అనుభవంలో టోన్ చివరి పని. స్వరం ఎక్కడ మొదలై ఎక్కడికి జారుతుంది, ఆ జారుడులో బిగువూ కాంతీ ఎలా మారతాయి, ఊపిరి ఎక్కడ తెగుతుంది అన్న మూడింటినీ సరిచేస్తే, సింథసైజర్ ఇచ్చే ముడి ధ్వని అయిన సాదా రంపపు అల మీద వాయించినా వినేవాడు సన్నాయిని గుర్తుపడతాడు. ఆ మూడూ లేకపోతే అసలు సన్నాయినే రికార్డు చేసి కీల మీద పరిచినా అది హార్మోనియంలాగే వినిపిస్తుంది. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని తన ప్రసారాలకు దూరంగా పెట్టడానికి చెప్పిన కారణాల్లో గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరు, దాని మీద పలకదన్నది ముఖ్యమైనది. మన కీబోర్డు ఆ హార్మోనియానికి వారసురాలే కాని, నొక్కిన స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రం దానికి లేదు, దీనికి ఉంది.

మొదటి పని: విని, గీసుకోవడం

మీరు పలికించదలచుకున్న వాద్యం మీద ఒకే ఒక సంగతిని, అంటే కీర్తనలోని ఒక చిన్న స్వరాల వరసను, పది పదిహేను సెకన్లకు మించనిదాన్ని ఎంచుకోండి. తెలిసిన విద్వాంసుడు ఎదురుగా ఉంటే ఆయన అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసుకోవడం అన్నిటికన్నా మంచిది. పక్కన డోలు, శ్రుతి లేకుండా ఒంటరిగా వాయించమని అడగండి, ఎందుకంటే తరువాత చేయబోయే కొలతకు అవి అడ్డం వస్తాయి. ఆ రికార్డును శ్రుతి మారకుండా సగం వేగానికి తగ్గించి, తరువాత పావు వేగానికి తగ్గించి వినండి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలు.

ఆపైన అదే రికార్డును ప్రాట్‌లో గాని సోనిక్ విజువలైజర్‌లో గాని తెరిచి స్వరరేఖను చూడండి. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ప్రాట్ మనిషి మాటను కొలవడానికి తయారైనది కాబట్టి దాని పై హద్దు సన్నాయికి చాలదు. ఆ హద్దును 1500 హెర్ట్జ్ దాకా పెంచకపోతే రేఖ మధ్యలో తెగిపోయి, ఒక స్థాయి కిందికి దూకుతూ కనిపిస్తుంది.

రేఖను చూసిన క్షణంలో చాలా భ్రమలు తొలగిపోతాయి. మనం గాంధారం అనుకున్న చోట రేఖ గాంధారం మీద దాదాపు నిలవదు. జారు అనుకున్నది సమానంగా ఎక్కే ఏటవాలు గీత కాదు. బయలుదేరిన చోట కాస్త తారాడి, మధ్యలో వేగంగా దాటి, చేరిన చోట మళ్లీ నెమ్మదిస్తుంది. కంపితం, అంటే స్వరాన్ని ఊపడం, మనం కీబోర్డుల్లో వినే వైబ్రేటో లాగా గుండ్రని అల కాదు. ఒక కొసలో ఎక్కువసేపు నిలిచి, రెండో కొసను తాకి వెంటనే తిరిగి వస్తుంది. ఈ ఆకారాన్ని కాగితం మీద చేత్తో గీసుకోండి. దానికి మన పాత పద్ధతే ఉంది. 1904లో ఎట్టయపురంలో తెలుగులో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కంపితం, స్ఫురితం, నొక్కు, ఒరిక, రవ, ఖండింపు, జారు వంటివాటికి వేర్వేరు గుర్తులు పెట్టి, స్వరాల మీద వేసి చూపారు. ఆ గుర్తులనే వాడతారో, మీకు తోచిన గీతలు వాడతారో మీ ఇష్టం. ఏ స్వరం కదులుతుంది, ఏది నిలుస్తుంది అన్నది మాత్రం కీ నొక్కకముందే కాగితం మీద ఉండాలి.

రెండో పని: బెండ్ హద్దును రాగానికి తగ్గట్టు పెట్టడం

కీబోర్డు కొన్నప్పుడు పిచ్ బెండ్ హద్దు సాధారణంగా పైకి రెండు స్వరస్థానాలు, కిందికి రెండు స్వరస్థానాలుగా ఉంటుంది (నల్లదైనా తెల్లదైనా, ఒక కీ నుంచి దాని పక్క కీకి ఉన్న దూరం ఒక స్వరస్థానం). సినిమా పాటల్లోని చిన్న జారులకు అది చాలు, గమకానికి చాలదు. అలాగని పన్నెండుకు పెంచేసుకోవడం కూడా పొరపాటే.

కారణం ఇది. కీబోర్డులూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష మిడి. 1983లో వచ్చిన ఆ ప్రమాణంలో పిచ్ బెండ్‌కు 16,384 అంచెలు ఉన్నాయి. కాని తక్కువ ధర కీబోర్డుల్లో చాలావాటి చక్రం లోపల అన్ని అంచెలు పంపదు, 128 మాత్రమే పంపుతుంది. హద్దు అటూ ఇటూ రెండు స్వరస్థానాలైతే మొత్తం నాలుగు స్వరస్థానాల దూరాన్ని 128 భాగాలు చేసినట్టు. ఒక్కో భాగం సుమారు మూడు సెంట్లు, అంటే ఒక స్వరస్థానంలో నూటికి మూడు వంతులు, కనుక చెవికి ఆనదు. హద్దును పన్నెండు చేస్తే ఒక్కో భాగం దాదాపు పందొమ్మిది సెంట్లవుతుంది. అప్పుడు జారు జారినట్టు కాక మెట్లు దిగినట్టు గరగరమంటుంది. అందువల్ల అటువంటి కీబోర్డు మీద నాలుగు, మహా అయితే ఐదు పెట్టుకోండి. నాలుగు పెడితే ఒక్కో భాగం ఆరు సెంట్ల పైచిలుకు. కదులుతున్న స్వరంలో అది పట్టుబడదు.

నాలుగు అన్న అంకెను నేను ఊరికే ఎంచలేదు. తోడి రాగాన్ని తీసుకోండి. షడ్జమాన్ని సి కీ మీద పెట్టుకుంటే శుద్ధ రిషభం దాని పక్క నల్ల కీ, శుద్ధ మధ్యమం ఎఫ్ కీ. ఈ రెండింటి మధ్య దూరం సరిగ్గా నాలుగు స్వరస్థానాలు. తోడిలో గాంధారం తన స్థానంలో కూర్చోదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. కనుక గాంధారం కీని అసలు నొక్కవద్దు. రిషభం కీ నొక్కి పట్టుకుని చక్రాన్ని పైకి తోయండి. చివరిదాకా వెళితే మధ్యమం వస్తుంది, అక్కడినుంచి వెనక్కి రండి. వీణ మీద కూడా కింది స్వరపు మెట్టు మీదనే తీగ లాగి పై స్వరాన్ని పలికించే పద్ధతి ఉంది, మనం చేస్తున్నది అదే. హద్దు నాలుగు కావడం వల్ల చక్రపు కొసే మధ్యమం అవుతుంది. చేతికి ఒక గట్టు దొరికినందువల్ల వేదిక మీద కంగారులో కూడా శ్రుతి మీరదు.

మీ కీబోర్డు మెనూలో ఈ హద్దు మార్చే చోటు కనిపించకపోతే, కంప్యూటర్ నుంచి గాని సీక్వెన్సర్ నుంచి గాని మూడు మిడి సందేశాలు వరుసగా పంపవచ్చు. కంట్రోలర్ 101కి 0, కంట్రోలర్ 100కి 0, కంట్రోలర్ 6కి 4 (కంట్రోలర్ అంటే మిడిలో ఒక్కో పనికి కేటాయించిన సంఖ్య). ఆ తరువాత 101కీ 100కీ 127 పంపి ఆ తలుపు మూసేయాలి, లేకపోతే తరువాత పొరపాటున కదిలిన స్లైడర్ ఏదైనా ఈ హద్దునే మార్చేయవచ్చు.

మూడో పని: ఒకేసారి ఒకే స్వరం

సన్నాయి, వేణువు ఒకేసారి రెండు స్వరాలు పలకవు. కాబట్టి ప్యాచ్‌ను, అంటే మీరు వాడే ధ్వని అమరికను, మోనో స్థితిలో పెట్టి, లెగాటోను ఆన్ చేయండి. లెగాటో అంటే, ఒక కీ మీద వేలు ఉండగానే ఇంకో కీ నొక్కితే స్వరం మారుతుంది కాని ధ్వని మళ్లీ మొదటినుంచి పుట్టదు. ఈ ఒక్క మార్పుతో మీ వేళ్లకు ఇంతవరకు లేని ఒక తేడా వస్తుంది. వేళ్లు కలిపి వాయిస్తే ఒకే ఊపిరిలో పలికిన స్వరాలు, వేలు ఎత్తి వాయిస్తే నాలుకతో తుంచిన స్వరాలు. స్ఫురితం, అంటే జంట స్వరంలో రెండోదాన్ని కింది స్వరం నుంచి ఎగదన్ని పలకడం, ఇప్పుడు సులువవుతుంది. పై స్వరాన్ని పట్టుకునే ఉండి, కింది కీని క్షణంపాటు తాకి వదిలితే సరిపోతుంది.

పోర్టమెంటో అనే సౌకర్యం గురించి ఒక హెచ్చరిక చేయాలి. అది స్వరం నుంచి స్వరానికి తనంతట తానే జారుతుంది కాబట్టి జారుకు అదే సమాధానమని చాలామంది అనుకుంటారు. కాని అది ప్రతి స్వరాన్నీ ఒకే తీరులో జారుస్తుంది, రాగం అడగని చోట కూడా జారుస్తుంది. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచవద్దు. కంట్రోలర్ 65 ద్వారా ఒక బొత్తానికో పెడల్‌కో కట్టి, పొడవైన ఎక్కుజారు, దిగుజారు వచ్చినప్పుడు మాత్రమే తొక్కండి.

అలాగే గమకానికి ఎల్ఎఫ్ఓను వాడవద్దు. అది యంత్రం ఊపే అల. సెకనుకు ఇన్నిసార్లని పెట్టిన లెక్క తాళపు నడకతో కలవదు, తోడి గాంధారానికి దాన్ని పెట్టి వింటే అంబులెన్సు వెళుతున్నట్టు ఉంటుంది. వేణువులో నిలిచిన స్వరం చివర వచ్చే చిన్న అదురుకు మాత్రం అది పనికొస్తుంది.

నాలుగో పని: సన్నాయి

ఇప్పుడు డోలు పెద్దాయన మాటకు వద్దాం. దానికి సమాధానం ఎడమ చేతిలో లేదు, కుడి పాదంలో ఉంది.

సన్నాయికి రెల్లుతో చేసిన జంట పీక ఉంటుంది. వాయించేవాడు దాన్ని పెదవులతో పట్టి గాలిని బలంగా తోస్తాడు. ఇటువంటి వాద్యాల్లో చిన్న ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య తేడా మనం అనుకున్నంత ఉండదు. గాలి పెరిగినకొద్దీ ధ్వని పెద్దదవడం కన్నా పదునెక్కడం ఎక్కువ. అందువల్ల ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఒకటి సంపాదించి, దాన్ని కంట్రోలర్ 11కు కలిపి, దానితో రెండు పనులు చేయించండి. ధ్వని స్థాయిని కొద్దిగా, ధ్వనిలో పదును ఎంతవరకు వినపడాలో తేల్చే ఫిల్టర్ కటాఫ్‌ను ఎక్కువగా కదిలించాలి. పెడల్ మొదటి పావు వంతులో మాత్రం ధ్వని పూర్తిగా సున్నాకు పడిపోవాలి, ఎందుకంటే అదే మీ ఊపిరి తీసుకునే చోటు. మిగిలిన మూడు పావుల్లో ధ్వని దాదాపు అంతే ఉండి, కాంతి మాత్రం పెరుగుతూ పోవాలి. పెడల్ కొనేటప్పుడు మీ కీబోర్డుతో కలిపి చూసే కొనండి. లోపలి తీగల అమరిక కంపెనీని బట్టి మారుతుంది. ఒకరి పెడల్ ఇంకొకరి కీబోర్డుకు పెడితే తొక్కినంతసేపూ ఏమీ జరగక, చివర్లో ఒక్కసారిగా ధ్వని మీద పడుతుంది.

నోటితో ఊదే బ్రెత్ కంట్రోలర్ దొరికితే ఇంకా మంచిది. ఇది కొత్త వస్తువేమీ కాదు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్-7కే దానికోసం ఒక రంధ్రం ఉండేది, మిడిలో దానికి కంట్రోలర్ 2 అనే సంఖ్య కేటాయించి ఉంది. కాని మా వైపు పెళ్లి మంటపాల్లో గంటలకొద్దీ కూర్చుని, మధ్యలో గాయకుడికి వంతపాట కూడా పాడవలసినవాడికి నోట్లో గొట్టం కన్నా కాలికింద పెడలే ఆచరణ సాధ్యమని నా ఉద్దేశం.

ఊపిరిని ఎలా అభ్యాసం చేయాలంటే, మొదట కీబోర్డు ముట్టుకోకుండా సంగతిని నోటితో ‘తూ’ అంటూ ఊదుతున్నట్టు పాడండి. మీకు ఊపిరి చాలక ఆగిన ప్రతి చోటా కాగితం మీద అడ్డగీత గీయండి. తరువాత వాయించేటప్పుడు ఆ గీత వచ్చిన ప్రతిసారీ పెడల్‌ను పూర్తిగా వెనక్కి వదిలి, నిజంగానే ఊపిరి తీసుకుని, మళ్లీ తొక్కండి. మీ ఊపిరీ మీ పాదమూ ఒకటి కావాలి. ఇది మొదట్లో నవ్వులాటలా ఉంటుంది. వారం రోజులకు పాదం దానంతట అదే ఊపిరిని అనుసరిస్తుంది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. మేళంలో శ్రుతి పట్టేవాడు చెంపల్లో గాలి నిలిపి ముక్కుతో ఊపిరి తీసుకుంటూ ధ్వనిని తెగనివ్వడు. కనుక శ్రుతికి పెడల్‌తో సంబంధం ఉండకూడదు. దాన్ని వేరే లేయర్‌గా పెట్టి, ఎప్పుడూ ఒకే స్థాయిలో మోగనివ్వండి. తెగని శ్రుతి మీద తెగే సన్నాయి పడినప్పుడే ఊపిరి వినిపిస్తుంది.

ఇక టోన్. సన్నాయి గొట్టం ఒక కొస సన్నగా, ఇంకో కొస వెడల్పుగా ఉండే శంకు ఆకారం. శంకు ఆకారపు గొట్టంలో సరి, బేసి అనుస్వరాలు (మూల స్వరంతోపాటు లీలగా మోగే పై స్వరాలు) రెండూ పలుకుతాయి. అందుకని రంపపు అలను గాని, పది పదిహేను శాతం వెడల్పున్న సన్నని పల్స్ అలను గాని తీసుకోవాలి. చదరపు అల తీసుకుంటే అందులో బేసి అనుస్వరాలే ఉంటాయి కాబట్టి అది సమాన వెడల్పు గొట్టమున్న క్లారినెట్ వైపు పోతుంది. ఆ అలను ఫిల్టర్‌లోకి పంపాక, ఈక్వలైజర్‌తో 1000 నుంచి 3000 హెర్ట్జ్‌ల మధ్య ఒకటి రెండు చోట్ల ధ్వనిని ఎత్తి, ఆ ఎత్తును అటూ ఇటూ జరుపుతూ మీ రికార్డుతో పోల్చి వినండి. ఈ ఎత్తులు మీరు ఏ కీ నొక్కినా కదలకూడదు. అవి గొట్టానికీ దాని గరాటుకూ చెందినవి గాని స్వరానికి చెందినవి కావు. చాలా ప్యాచ్‌లు బొమ్మ బూరలా వినిపించడానికి కారణం ఇక్కడే ఉంది. రికార్డు చేసిన ఒక స్వరాన్నే సాగదీసి అన్ని కీలకూ పరిచినప్పుడు గొట్టం కూడా స్వరంతోపాటు చిన్నదవుతూ పెద్దదవుతూ ఉంటుంది.

అటాక్‌ను, అంటే ధ్వని పూర్తిగా లేవడానికి పట్టే కాలాన్ని, 20 నుంచి 40 మిల్లీసెకన్ల మధ్య పెట్టండి. స్వరం కాలంతోపాటు ఎలా కదలాలో చెప్పే పిచ్ ఎన్వలప్ ఉంటే ప్రతి కొత్త ఊపిరికీ స్వరం ముప్పై సెంట్లు కిందనుంచి మొదలై, సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో తన చోటికి చేరేలా అమర్చండి. లెగాటోలో ఉన్న స్వరాలకు ఇది వర్తించకూడదు. చివరగా కొంచెం డిస్టార్షన్ కలపండి. రివర్బ్ విషయంలో లోభించండి. సన్నాయి ఆరుబయట వీధిలో, గుడి ముంగిట మోగే వాద్యం. దానికి పెద్ద హాలు ప్రతిధ్వని తగిలిస్తే పెళ్లివారికి అది ఏదో రికార్డు పెట్టినట్టు అనిపిస్తుంది.

ఐదో పని: వీణ

వీణను పలికించడం సన్నాయి కన్నా ఒక విధంగా సులువు, ఇంకో విధంగా కష్టం. సులువు ఎందుకంటే తీగను లాగితే స్వరం పైకే పోతుంది, మెట్టు స్వరం కన్నా కిందికి రాదు. కాబట్టి మీ సింథసైజర్‌లో పైకీ కిందికీ వేర్వేరు హద్దులు పెట్టే వీలుంటే పైకి నాలుగు, కిందికి సున్నా పెట్టుకోండి. అప్పుడు చేయి జారినా వీణకు అసాధ్యమైన ధ్వని రాదు. అనుకరణలో సగం భాగం వాద్యానికి చేతకానిదాన్ని మనమూ చేయకుండా ఉండడమే.

కష్టం ఎక్కడంటే, మీటిన క్షణం నుంచి ధ్వని తరుగుతూ ఉంటుంది, గమకం అంతా ఆ తరుగుదలలోనే జరగాలి. సస్టెయిన్‌ను (కీ పట్టుకున్నంతసేపూ నిలిచే ధ్వనిని) సున్నా చేసి, డికేను (ధ్వని తరిగే కాలాన్ని) నాలుగైదు సెకన్లు పెట్టండి. మీటు ఎక్కడ పడాలో, ఏ స్వరాలు ఒకే మీటు మీద లాగుడుతో రావాలో కాగితం మీద వేరే గుర్తుతో రాసుకోండి. నాలుగు స్వరాలకు ఒక మీటు పడే చోట మీరు నాలుగు కీలు నొక్కితే అది వీణ కాదు, సంతూర్.

వీణ ధ్వనిలోని జుంకారం గుర్రం (తీగలను మోసే దిమ్మ) మీద ఉన్న ఇత్తడి రేకు ఒంపు వల్ల వస్తుంది. కంపించే తీగ ఆ ఒంపును ఒరుసుకుంటూ పోతుంది. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో రాసిన పత్రంలో, తీగను ఎక్కడ మీటితే అక్కడ నిశ్చలంగా ఉండే అనుస్వరాలు పలకకూడదన్న పాత సూత్రాన్ని తంబురా, వీణ పాటించవని, ఆ అనుస్వరాలు కూడా బలంగా వినిపిస్తాయని చూపి, అందుకు గుర్రం ఆకారమే కారణమని వివరించాడు. సింథసైజర్‌లో దీన్ని పట్టుకోవడానికి, మీటిన వెంటనే ఫిల్టర్ మూసుకుపోయే మామూలు గిటార్ పద్ధతిని వదిలేయండి. ఫిల్టర్ ఎన్వలప్ అటాక్‌ను 100 మిల్లీసెకన్ల దాకా సాగదీస్తే, మీటు తరువాత కాంతి ఒక క్షణం విచ్చుకుని, ఆపైన మెల్లగా వాడుతుంది.

మూలధ్వనికి 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ ప్రచురించిన పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది. చిన్న రొద ముక్కను అతి తక్కువ వ్యవధి గల డిలేలోకి పంపి, తిరిగి వచ్చినప్పుడల్లా కొంచెం నునుపు చేస్తూ మళ్లీ పంపడమే ఆ పద్ధతి. ఉచితంగా దొరికే సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌లో ‘స్ట్రింగ్’ అనే ఆసిలేటర్ ఇటువంటి తీగను కట్టి ఇస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో జూలియస్ స్మిత్ ఇటువంటి ఆలోచననే గాలి వాద్యాలకు కూడా విస్తరించాడు. 1994లో వచ్చిన యమహా వీఎల్-1 ఆ వేవ్‌గైడ్ పద్ధతి మీద నడిచిన వాద్యమే.

తాళపు తీగల్ని మరవవద్దు. వీణకు నాలుగు వాయింపు తీగలు కాక పక్కన మూడు ఉంటాయి. షడ్జమ పంచమాలు పలికే ఆ తీగలను కీబోర్డు పై కొసలో మూడు కీలకు కట్టి, చిటికెన వేలితో తాళానికి మీటుతూ ఉండండి. ఈ కీలు వేరే మిడి చానల్‌లో ఉండాలి, లేకపోతే మీరు చక్రం తోసినప్పుడు తాళపు తీగ కూడా దానితోపాటు ఊగి నవ్వులపాలవుతారు.

విద్యుత్ వాద్యం మీద గమకం రాదనేవారికి నేను చూపించే ఉదాహరణ పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి, ధ్వని త్వరగా ఆరిపోతుంది. ఆయన ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌ను ఎంచుకుని, ధ్వని నిలిచే గుణాన్ని గమకానికి వాడుకున్నాడు. వాద్యాన్ని సంగీతానికి తగ్గట్టు సవరించుకోవడమన్నది మన దగ్గర కొత్త కాదు.

వయొలిన్, వేణువు

వయొలిన్‌లో మీరు దృష్టి పెట్టవలసింది కమాను తిరిగే చోటు. ప్రతి కమాను మలుపులో ధ్వని ఒక చిన్న గుంటలో పడి లేస్తుంది, ఆ గుంటలో కొంచెం గరుకు రొద ఉంటుంది. సన్నాయి ఊపిరికి పెడల్‌ను పూర్తిగా వదిలినట్టు ఇక్కడ వదలకూడదు, మూడో వంతు వెనక్కి తెచ్చి వెంటనే తొక్కాలి. మనవాళ్లు నేల మీద కూర్చుని వయొలిన్ కొసను పాదానికి ఆనించుకుంటారు కనుక ఎడమ చేయి మోయవలసిన బరువు లేదు, అందువల్ల పొడవైన జారులు ధారాళంగా వస్తాయి. కాబట్టి బెండ్ హద్దును ఇక్కడ మాత్రం ఏడుకు పెంచవచ్చు, మీ కీబోర్డు చక్రం మెట్లు లేకుండా పంపేదైతేనే.

వేణువుకు రొద ముఖ్యం. తెల్ల రొదను స్వరంతోపాటు కదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌లోంచి పంపి, ప్రతి ఊపిరి మొదట్లో 50 మిల్లీసెకన్లపాటు ఎక్కువగా, ఆ తరువాత లీలగా కలపండి. మూలధ్వనికి త్రికోణపు అల చాలు. వేణువులో గాలి బలంగా ఊదితే స్వరం కొద్దిగా పైకి పోతుంది, అందుకని పెడల్ చివరికి వచ్చేసరికి పది పన్నెండు సెంట్లు పెరిగేలా పిచ్‌కు కూడా దాన్ని కలపండి. మిగతాదంతా సన్నాయికి చెప్పినదే.

చేతికి సాధకం

ఎడమ చేయి చక్రం మీద ఉండగా మొదటి నెల ఒకే అభ్యాసం చేయండి. శ్రుతి పెట్టుకుని, సి కీని నొక్కి, హద్దు నాలుగులో ఉన్నప్పుడు చక్రాన్ని సగం దూరం తోస్తే రెండు స్వరస్థానాలు, అంటే చతుశ్రుతి రిషభం, రావాలి. కళ్లు మూసుకుని తోసి, ఆపి, డి కీని విడిగా మరో ధ్వనిలో నొక్కి సరిపోయిందో లేదో చూడండి. పావు దూరం, ముప్పావు దూరం కూడా ఇలాగే చేయండి. చక్రానికి బదులు కర్ర ఉన్న కీబోర్డు అయితే దాన్ని పక్కకు తోసేటప్పుడు పొరపాటున ముందుకు కూడా తోస్తే మాడ్యులేషన్ కలిసిపోతుంది, కాబట్టి ఆ మాడ్యులేషన్‌ను ప్యాచ్‌లోనే తీసేయండి.

ఇది కుదిరాక తోడి గాంధారానికి వెళ్లండి. ఆది తాళం వేసుకుని ఒక అక్షరానికి ఒక ఊపు, తరువాత రెండు ఊపులు. ప్రతి ఊపులోనూ కింద ఎక్కువసేపు నిలవాలి, పైన తాకి రావాలి. రెండు కొసల్లోనూ సమానంగా నిలిచిందంటే అది కంపితం కాదు. మొదటి కాలంలో పలికిన ఊపును రెండో కాలంలో రెట్టింపు వేగంతో యథాతథంగా ఊపవద్దు. వేగం పెరిగినప్పుడు విద్వాంసులు ఊపుల సంఖ్యను తగ్గించుకుంటారు, మీ రికార్డులోని రేఖలో దాన్ని మీరే చూడవచ్చు.

కీని అటూ ఇటూ కదిలించి స్వరాన్ని ఊపగలిగే ఎంపీఈ కీబోర్డులు ఇప్పుడు వస్తున్నాయి. 2018లో దానికి ప్రమాణం కూడా ఏర్పడింది, సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ వంటివి దాన్ని అర్థం చేసుకుంటాయి. ప్రతి స్వరానికీ వేర్వేరు బెండ్ ఉండడం వల్ల వీణ తాళపు తీగల చిక్కు అక్కడ అసలు రాదు. డబ్బు ఉంటే కొనుక్కోండి. కాని చక్రం మీద సాధకం చేయని చేతికి అది కూడా గమకాన్ని ఇవ్వలేదు.

డోలు దగ్గర పరీక్ష

ప్యాచ్ సిద్ధమైందని మీకు అనిపించాక దాన్ని సంగీతం తెలిసిన మిత్రులకు వినిపించి, ‘సన్నాయిలాగా ఉందా?’ అని అడగవద్దు. మొహమాటానికి ఉందనే అంటారు. డోలు వాయించేవారి దగ్గరకు వెళ్లి, ఏమీ చెప్పకుండా ఒక కీర్తన ఎత్తుకోండి. మేళంలో సన్నాయి ఊపిరి తీసుకునే సందులో డోలు తన జతిని నింపుతుంది, అది వాళ్లకు ఆలోచించి చేసే పని కాదు. మీ కీబోర్డుకు ఆయన చేతులు ఆ సందుల్లో తమంతట తాము పడుతున్నాయా, లేక ఎక్కడ పడాలో తోచక తాళాన్ని మాత్రం మోస్తున్నాయా అన్నది గమనించండి. మోస్తూ ఉంటే ఇంటికి వచ్చి, ఫిల్టర్ జోలికి పోకుండా, కాగితం మీద మీరు గీసిన ఊపిరి గీతల దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.